సింగపూర్–బాతామ్ ఫెర్రీ: గంటలో ఇంకో దేశం. వైజాగ్ నుంచి వెళ్లేవాళ్లు ఎక్కేముందు చూసుకోవాల్సినవి

తీర్పు ముందే చెప్పేస్తాం. సింగపూర్ వెళ్లి, చేతిలో ఒక రోజు ఖాళీగా ఉండి, వీసా మల్టిపుల్ ఎంట్రీ (బయటికెళ్లి మళ్లీ రానిచ్చేది) అయితే ఇండోనేషియా దీవి బాతామ్‌కు వెళ్లే ఫెర్రీ తప్పకుండా ఎక్కండి. షాపింగ్ కోసం కాదు, మసాజ్‌ల కోసం కాదు, మధ్యలో ఉన్న సింగపూర్ జలసంధి దాటడం కోసం. ఒక దేశపు ఒడ్డు వెనక ఇంకా కనిపిస్తూ ఉండగానే రెండో దేశపు ఒడ్డు ఎదురుగా వచ్చేస్తుంది. మన తీరంలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది దొరకని అనుభవం. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబడితే కంటికి ఆనే దూరం 5 కిలోమీటర్లకు మించదు. సుమారు 170 మీటర్ల ఎత్తున్న కైలాసగిరి ఎక్కినా 47 కిలోమీటర్ల దాకానే. ఆ దూరంలో అవతల ఉండేది నీళ్లే. మన రేవులో అండమాన్ ఓడ ఎక్కితే రెండు రోజులకు పైగా ప్రయాణం చేసినా దిగేది మన దేశంలోనే. అక్కడేమో కాఫీ చల్లారేలోగా ఇంకో దేశపు నీళ్లలో ఉంటారు.

సింగపూర్ జలసంధి పొడవు సుమారు 105 కిలోమీటర్లు, వెడల్పు 16 కిలోమీటర్ల దాకా. ఉత్తరం ఒడ్డున సింగపూర్, దక్షిణాన ఇండోనేషియాకు చెందిన రియావ్ దీవులు. వాటిలో బాతామ్, సింగపూర్ దక్షిణ తీరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు ఈ రెండు ఒడ్లూ జొహోర్–రియావ్ సుల్తాన్ల ఏలుబడిలో ఉన్న ఒకే రాజ్యం. 1824లో బ్రిటిష్‌వాళ్లు, డచ్‌వాళ్లు ఒప్పందం రాసుకుని జలసంధికి ఉత్తరాన ఉన్నది మీది, దక్షిణాన ఉన్నది మాది అని పంచుకున్నారు. ఇప్పుడు పాస్‌పోర్టు మీద పడే ముద్రకు మూలం అదే. స్వతంత్ర దేశాలయ్యాక కూడా నీళ్ల మధ్య గీత ఒక్కసారిగా తేలలేదు. మధ్య భాగానికి 1973లో, పడమటి భాగానికి 2009లో, తూర్పు భాగానికి 2014లో ఒప్పందాలు కుదిరాయి.

ఇక ఫెర్రీ సంగతి. బాతామ్ ఫాస్ట్, సిండో, మెజెస్టిక్, హొరైజన్ అనే నాలుగు కంపెనీల పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. పడవల్లో పెద్ద తేడా ఏమీ లేదు. తేడా ఉన్నది రూట్లలో, టైమింగుల్లో. కాబట్టి కంపెనీని బట్టి కాక రూటును బట్టి ఎంచుకోండి.

సింగపూర్‌లోని హార్బర్‌ఫ్రంట్ టెర్మినల్ నుంచి బాతామ్‌లోని బాతామ్ సెంటర్ రేవుకు సర్వీసులు ఎక్కువ, ప్రయాణం గంటకు కాస్త అటూ ఇటూ. దిగగానే ఎదురుగా మెగా మాల్, దానికి నడక వంతెన. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఇదే సుఖం. హార్బర్‌ఫ్రంట్ నుంచి సెకుపాంగ్‌కు ముప్పావు గంట చాలు, సర్వీసులు మాత్రం తక్కువ. చూడ్డానికైతే మా ఓటు సెకుపాంగ్‌కే. ఎందుకో కింద చెబుతాం. మూడోది సింగపూర్‌లోని తనా మేరా నుంచి బాతామ్‌లోని నొంగ్సాపురాకు వెళ్లేది, 40 నిమిషాల లోపే. తనా మేరా టెర్మినల్ చాంగి విమానాశ్రయానికి దగ్గర, హార్బర్‌ఫ్రంట్ ఊరికి అటు కొసన ఉంటుంది. టికెట్ మీద ఏ టెర్మినల్ పేరుందో చూసుకోకుండా ట్యాక్సీ ఎక్కితే ఫెర్రీ పోయినట్టే. అవతలి వైపూ అంతే. బాతామ్‌లో ఫెర్రీ రేవులు ఒకటికి నాలుగున్నాయి. "బాతామ్‌కు టికెట్" అని అడిగితే సరిపోదు, ఏ రేవుకో చెప్పి కొనాలి. తిరుగు టికెట్ కూడా అదే రేవు నుంచి ఉండేలా చూసుకోండి.

రానూపోనూ టికెట్ సుమారు 60 నుంచి 80 సింగపూర్ డాలర్ల మధ్య పడుతుంది. రోజును బట్టి, ఇంధన సర్‌ఛార్జిని బట్టి మారుతుంటుంది. ఒకవైపు టికెట్లు రెండు విడివిడిగా కొంటే సాధారణంగా ఎక్కువవుతుంది. రేటు చూసేటప్పుడు రెండు వైపులా టెర్మినల్ ఫీజు కలిసిందో లేదో చూడాలి. చవగ్గా కనిపించే టికెట్లలో చాలావరకు అది కలవదు, తిరిగొచ్చేటప్పుడు కౌంటర్లో కట్టించుకుంటారు. ఇంకొకటి, రిటర్న్ "ఓపెన్" అని ఉంటే ఏ ఫెర్రీకైనా వెళ్లొచ్చు అనుకోవద్దు. ఆ కంపెనీ ఫెర్రీలో సీటు ఖాళీగా ఉంటేనే. ఆదివారం సాయంత్రం, సింగపూర్ సెలవు రోజుల చివర బాతామ్ నుంచి సీట్లు దొరకవు. వారాంతంలో వెళ్తే తిరుగు టైము ఖాయం చేసుకుని కొనండి, వీలైతే మంగళవారమో బుధవారమో పెట్టుకోండి.

ఇప్పుడు అసలు తలనొప్పి, కాగితాలు. ఫెర్రీ ఎక్కలేక వెనక్కి మళ్లేవాళ్లలో చాలామందికి చిక్కు ఇక్కడే.

మొదటిది సింగపూర్ వీసా. భారతీయులకు వచ్చే వీసా సాధారణంగా మల్టిపుల్ జర్నీ అనే ఉంటుంది, కానీ అందరికీ కాదు. ఈ-వీసా కాగితం మీద "సింగిల్" అని ఉంటే, బాతామ్‌కు బయల్దేరిన క్షణాన సింగపూర్ వీసా ముగిసినట్టే. వెళ్లడం వెళ్తారు, తిరిగి రావడం కుదరదు. మీ విమానం సింగపూర్ నుంచి కాబట్టి ఇది చిన్న ఇబ్బంది కాదు. వైజాగ్‌లో ఏజెంటుకు అప్లికేషన్ ఇచ్చేటప్పుడే "మధ్యలో బాతామ్ వెళ్లొస్తాం, మల్టిపుల్ కావాలి" అని నోటితో చెప్పండి, వచ్చాక కాగితం మీద చూసుకోండి.

రెండోది ఎస్‌జీ అరైవల్ కార్డ్. చేరే రోజుతో కలిపి 3 రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపేది, పూర్తిగా ఉచితం. విమానం దిగినప్పుడు నింపాం కదా అనుకుంటారు. బాతామ్ నుంచి తిరిగి రావడం కొత్త ప్రవేశం కిందకే వస్తుంది, కాబట్టి మళ్లీ కొత్త కార్డు నింపాలి. మనిషికో కార్డు, చంటిపిల్లలకు కూడా. పొద్దున ఫెర్రీ ఎక్కేముందే తిరుగు ప్రవేశానికి నింపేసుకుంటే బాతామ్‌లో నెట్ కోసం వెతుక్కునే పని ఉండదు. ప్రయాణ సాధనం దగ్గర "సీ" అని ఎంచుకుని ఫెర్రీ పేరు పెట్టాలి. అలవాటుగా విమానం నంబరు కొట్టేస్తారు. సింగపూర్ ఇమిగ్రేషన్ సొంత వెబ్‌సైటులోనే నింపండి. అచ్చం దానిలాగే కనిపించి డబ్బులు అడిగేవన్నీ బయటివాళ్లవి.

మూడోది ఇండోనేషియా వీసా. భారతీయులకు వీసా ఆన్ అరైవల్ ఉంది, ఫీజు 5,00,000 రుపయా. సున్నాలు చూసి కంగారుపడొద్దు, మన డబ్బులో మూడు వేలకు కాస్త తక్కువ. 30 రోజుల వరకు చెల్లుతుంది, ఒక్క పూట వెళ్లొచ్చినా అంతే ఫీజు. రోజు ప్రయాణంలో అన్నింటికన్నా పెద్ద ఖర్చుల్లో ఇదొకటి, నలుగురున్న కుటుంబమైతే ముందే లెక్క వేసుకోండి. రేవులో దిగాక కౌంటర్లో తీసుకోవచ్చు. ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఆ క్యూ తప్పుతుంది. ఒకేసారి రెండు ఫెర్రీలు వచ్చి పడితే ఆ క్యూ ఎంతసేపైనా పట్టొచ్చు. దీనితోపాటు ఇండోనేషియా ఆన్‌లైన్ ఆగమన ప్రకటన కూడా ఉంది. అది కూడా ఉచితమే, చివర్లో క్యూఆర్ కోడ్ వస్తుంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు, ఖాళీ పేజీలు ఉండాలి. గడువు 5 నెలలే ఉన్నవాళ్లను ఫెర్రీ కౌంటర్లోనే ఆపేస్తారు.

టెర్మినల్‌కు గంట ముందు చేరండి, శని ఆదివారాల్లో గంటన్నర. హార్బర్‌ఫ్రంట్ ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషన్ (నార్త్ ఈస్ట్ లైను, సర్కిల్ లైను రెండూ వస్తాయి) నుంచి పైకొస్తే వివోసిటీ మాల్ జనంలో కలిసిపోతారు. అక్కడ తిరక్కుండా బోర్డులు పట్టుకుని ఫెర్రీ టెర్మినల్‌కు నడవండి. ఆన్‌లైన్ టికెట్ ఉన్నా చాలాసార్లు కౌంటర్లో పాస్‌పోర్టు చూపించి బోర్డింగ్ పాస్ తీసుకోవాలి. ఆ తర్వాత ఇమిగ్రేషన్, సామాన్ల స్కానింగ్, గేటు. ఫెర్రీ బయల్దేరడానికి చాలా ముందే గేటు మూసేస్తారు. పడవ కళ్లెదుటే కట్టి ఉన్నా ఎక్కనివ్వరు.

సీటు సంగతికొస్తే నంబర్లు ఉండవు, ముందు ఎక్కినవాళ్లది ముందు. కింది అంతస్తులో ఏసీ గట్టిగా ఉంటుంది, ముసలివాళ్లకు శాలువా ఉంచండి. కిటికీ అద్దాలు ఉప్పు మరకలతో మసగ్గా ఉంటాయి, వాటిలోంచి చూస్తే ఈ ప్రయాణం సగం వృథా. వెనకవైపో పైనో తెరిచిన డెక్కు ఉన్న పడవలున్నాయి, ఎక్కగానే సిబ్బందిని అడిగి అక్కడికి వెళ్లండి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు మాత్రం కింది అంతస్తులో వెనక భాగంలో మధ్య వరుసలో కూర్చోవాలి, ముందు భాగం ఎక్కువ ఎగిరిపడుతుంది. అవోమిన్ లాంటి మాత్ర పడవ కదిలాక వేసుకుంటే పనిచెయ్యదు, గంట ముందు వేసుకోవాలి.

ఇక చూడాల్సినవి. పడవ రేవు వదలగానే పడమటికి సాగుతుంది. ఎడమవైపు సెంటోసా దీవి, కుడివైపు లాబ్రడార్ గుట్ట. ఆ ఇరుకు దాటి దక్షిణానికి మళ్లేటప్పుడు కుడివైపు పులావ్ బుకోమ్ కనిపిస్తుంది. దీవి నిండా చమురు శుద్ధి గొట్టాలు, ట్యాంకులు. మల్కాపురం మీదుగా రోజూ వెళ్లొచ్చేవాళ్లకు పరిచయమైన దృశ్యమే, కాకపోతే నీళ్ల మధ్య. ఆ తర్వాత లంగరేసిన ఓడలు మొదలవుతాయి. మన ఔటర్ హార్బర్ బయట ఆగి ఉండే వాటిని దూరం నుంచి లెక్కపెట్టే అలవాటు మనకుంది. ఇక్కడ వాటి పక్కనుంచే పోతారు. దగ్గరగా చూస్తే ఏ ఓడ నిండుగా ఉందో, ఏది ఖాళీయో తెలిసిపోతుంది. ఖాళీ ఓడకు నీటి పైన ఎర్ర రంగు పట్టీ ఎత్తుగా బయటపడి ఉంటుంది, ముక్కు కింద ఉబ్బెత్తు భాగం కూడా పైకి కనిపిస్తుంది. నిండు ఓడకు ఆ ఎరుపు నీళ్లలో మునిగి ఉంటుంది. కొన్ని పెద్ద ఓడల పక్కన చిన్న ట్యాంకరు ఆనుకుని, మధ్యలో గొట్టం వేలాడుతుంటుంది. ఇంధనం పోస్తున్నారన్న మాట. ఓడలకు ఇంధనం అమ్మడంలో ప్రపంచంలో సింగపూరే మొదటిది.

అక్కడి నుంచి పది పదిహేను నిమిషాలే అసలు ఘట్టం. జలసంధి మధ్యలో పెద్ద ఓడలకు రోడ్డు మీదలా రెండు వరుసలు గీసి పెట్టారు. ప్రతి ఓడా తన కుడిచేతి వరుసలో పోవాలి. అందువల్ల సింగపూర్ వైపున్న ఉత్తరపు వరుసలో పడమటికి, అంటే మలక్కా జలసంధి మీదుగా మన బంగాళాఖాతం వైపు వెళ్లేవి ఉంటాయి. ఇండోనేషియా వైపున్న దక్షిణపు వరుసలో చైనా, జపాన్, కొరియా వైపు వెళ్లేవి. 1976లో మన ఔటర్ హార్బర్ మొదలయ్యాక జపాన్‌కు ఇనుప ఖనిజం మోసుకెళ్లిన ఓడలు దాటిన దారి ఇదే. సముద్ర నియమం ప్రకారం ఈ వరుసల్ని అడ్డంగా దాటే పడవ వీలైనంత లంబంగా దాటాలి. అందుకే అంతదాకా వంకరగా వచ్చిన ఫెర్రీ ఇక్కడ తిన్నగా తిరుగుతుంది. పెద్ద ట్యాంకరు వస్తుంటే వేగం తగ్గించి దాని వెనకనుంచి పోతుంది. దాని అల తగిలి రెండు మూడు కుదుపులు వస్తాయి. భయపడాల్సింది లేదు, కానీ ఆ సమయంలో నిలబడి ఫొటో తీసేవాళ్లు ఒక చెయ్యి కమ్మీ మీద ఉంచాలి.

ఓడల కదలికలు చూపించే ఫోన్ యాప్ ఒకటి ముందే వేసుకుని వెళ్లండి, ఉచితమైనది చాలు. ఎదురుగా కనిపించే ఓడ మీద నొక్కితే పేరు, వేగం, గమ్యం వస్తాయి. గమ్యం దగ్గర "ఐఎన్ వీటీజెడ్" అని కనబడితే అది మన విశాఖ రేవుకే వస్తున్న ఓడ. పిల్లలకు ఇంతకన్నా మంచి భూగోళ పాఠం లేదు.

సెకుపాంగ్ రూటు ఎందుకు మేలంటే, పడవ బెలకాంగ్ పాడాంగ్ దీవి దగ్గరగా వెళ్తుంది. అక్కడ చెక్క ఇళ్లు నీళ్లలో గుంజల మీద నిలబడి ఉంటాయి. అదే చూపులో వెనక్కి తిరిగితే సింగపూర్ అద్దాల మేడలు. రెండు దేశాల తేడా ఇంత పక్కపక్కన కనిపించే చోటు ఈ ప్రయాణంలో ఇంకొకటి లేదు. సెకుపాంగ్‌లో దిగాక ఆ దీవికి పంచుంగ్ అనే చిన్న చెక్క మరపడవలు తిరుగుతాయి, పావుగంట ప్రయాణం. ఛార్జీ నామమాత్రం, రుపయా నగదే కావాలి. ఒంటరిగా పడవ మొత్తం మాట్లాడుకుంటే ఎక్కువవుతుంది, నిండేదాకా ఆగి ఎక్కండి. లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి, వాళ్లంతట వాళ్లు ఇవ్వకపోవచ్చు.

బాతామ్ ఊరి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. నగోయా బజారు, మాల్స్, సముద్రం మీద గుంజలపై కట్టిన కెలాంగ్ హోటళ్లలో పీతలు, రొయ్యలు, గోంగ్‌గోంగ్ నత్తలు. చేపల రుచి తెలిసిన మనవాళ్లు కిలో రేటు, వండే ఖర్చు ముందే అడిగి తూకం చూసుకోవాలి. శాకాహారులకు గాడో-గాడో (వేరుశెనగ సాస్‌తో కూరగాయలు), తెంపే (పులియబెట్టిన సోయా), తోఫు దొరుకుతాయి. కానీ సాంబల్‌లో (అక్కడి మిరప పచ్చడి) రొయ్యల ముద్ద కలుస్తుంది, "తన్పా తెరాసి" (రొయ్యల ముద్ద లేకుండా) అని చెప్పాలి. సమయం ఉంటే కారు మాట్లాడుకుని బారెలాంగ్ వంతెనలకు వెళ్లండి. దీవుల్ని కలిపే ఆరు వంతెనల్లో మొదటిది 642 మీటర్ల తీగల వంతెన. అది చూసి వెనక్కి వచ్చేయొచ్చు. ఆ వంతెనల దారిలోనే ముందున్న గలాంగ్ దీవిలో 1979 నుంచి 1996 దాకా వియత్నాం శరణార్థుల శిబిరం నడిచింది. అక్కడికి వెళ్లాలంటే పూట మొత్తం పోతుంది. యాప్‌లో బుక్ చేసిన కార్లు రేవు గుమ్మం దాకా రాకపోవచ్చు, బాతామ్ సెంటర్‌లో అయితే మాల్ వైపు దాటి పిలవడం సులువు.

గడియారం దగ్గర జాగ్రత్త. బాతామ్ సమయం సింగపూర్ కన్నా గంట వెనక. టికెట్ మీద వేసేది ఏ రేవులో ఎక్కుతారో ఆ రేవు సమయమే. బాతామ్‌లో సాయంత్రం 5 గంటల ఫెర్రీ ఎక్కితే సింగపూర్‌లో దిగేసరికి 7 దాటుతుంది. ఫోన్‌ను నమ్ముకుంటే మోసం వస్తుంది. ఒడ్లు ఇంత దగ్గర కావడంతో బాతామ్ ఉత్తర తీరంలో ఉన్నప్పుడు ఫోన్ ఒక్కోసారి సింగపూర్ టవర్‌ను పట్టుకుంటుంది. అప్పుడు గడియారం గంట ముందుకు దూకుతుంది, రోమింగ్ బిల్లు కూడా వేరే దేశం పేరున పడుతుంది. నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకునే సెట్టింగ్ పెట్టుకోండి, చేతికి మామూలు వాచీ ఒకటి కట్టుకోండి.

తిరిగి సింగపూర్‌లో అడుగుపెట్టేటప్పుడు కస్టమ్స్ గట్టిగా ఉంటుంది. సిగరెట్లకు ఒక్కదానికి కూడా సుంకం మినహాయింపు లేదు. మద్యానికి మినహాయింపు కావాలంటే సింగపూర్ బయట కనీసం 48 గంటలు ఉండాలి, కాబట్టి ఒక్క రోజు వెళ్లొచ్చి సీసా తెస్తే సుంకం కట్టాల్సిందే. ఈ-సిగరెట్లు, గుట్కా, ఖైనీ, చూయింగ్ గమ్ నిషేధం. ఇంటి నుంచి తెచ్చుకున్న మసాలా పొట్లాల్లో గసగసాలు లేకుండా చూసుకోండి, అనుమతి లేకుండా వాటిని సింగపూర్‌లోకి తీసుకురాకూడదు. బాతామ్ నుంచి పొరల కేకు తెచ్చుకోండి, బాగుంటుంది. మాంసం ఉన్న పొట్లాలు మాత్రం వద్దు.

వాతావరణం విషయానికి వస్తే, డిసెంబరు నుంచి మార్చి మొదలు దాకా ఈశాన్య రుతుపవనాలు. సముద్రం కాస్త ఎగుడుదిగుడు, వాన ఎప్పుడైనా పడుతుంది. ఏప్రిల్ నుంచి నవంబరు మధ్య తెల్లవారుజామున, పొద్దున పూట సుమాత్రా వైపు నుంచి ఈదురుగాలితో వాన దూసుకొస్తుంది. గంట రెండు గంటల్లో తేలిపోతుంది, ఫెర్రీ ఆలస్యమైతే కౌంటర్లో పోట్లాడాల్సిన పని లేదు. జూలై నుంచి అక్టోబరు లోపల సుమాత్రాలో అడవులు తగలబడిన ఏడు పొగ కమ్మేస్తుంది, అప్పుడు అవతలి ఒడ్డే కనిపించదు. ఆ రోజుల్లో ఫెర్రీ డబ్బులు దండగ. వాన వెలిసిన మర్నాడు పొద్దున 9, 10 గంటల మధ్య గాలి కడిగినట్టుంటుంది, చూపు బాగా ఆనుతుంది.

వైజాగ్ నేరు విమానంలో రాత్రంతా ప్రయాణించి తెల్లారి దిగిన రోజే ఫెర్రీ పెట్టుకోవద్దు. నిద్రలేని కడుపుకు పడవ పడదు. తిరుగు విమానం రోజున అసలే వద్దు. ఒక్క ఫెర్రీ తప్పినా, ఇమిగ్రేషన్ క్యూ పెరిగినా విమానం పోతుంది. మధ్యలో ఒక రోజు, పొద్దున 8 ప్రాంతంలో వెళ్లి అక్కడి సమయం 4, 5 మధ్య తిరుగు ఫెర్రీ ఎక్కేలా చూసుకుంటే ఇబ్బంది ఉండదు.

వీసా సింగిల్ వచ్చినవాళ్లు, సముద్రం పడనివాళ్లు, నలుగురి వీసా ఫీజు బరువనిపించినవాళ్లు హార్బర్‌ఫ్రంట్ టెర్మినల్ వెనకే ఉన్న మౌంట్ ఫేబర్ ఎక్కండి. నడిచి ఎక్కితే రూపాయి ఖర్చు లేదు, అరగంట లోపు ఎక్కేస్తారు. సుమారు 100 మీటర్ల ఎత్తు నుంచి 36 కిలోమీటర్ల దాకా చూపు ఆనుతుంది, అంటే జలసంధి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, అవతల బాతామ్ కొండలతో సహా. చిన్న బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్లండి, 8x42 (8 రెట్లు పెద్దదిగా చూపేది) చాలు. అంతకన్నా పెద్దదైతే చేతిలో వణుకుతుంది.